గళ్ళ చీరలు, 412 ఫోటోలు: ఒక వెబ్‌సైటు పని డైరీ

జూన్ 7, శనివారం

మంగళగిరిలో మా బాబాయి చీరల దుకాణానికి వెబ్‌సైటు చేసిపెడతానని సంక్రాంతి పండక్కి మాట ఇచ్చాను. రోహిణి కార్తె కూడా అయిపోవచ్చింది, మాట మాత్రం అక్కడే ఉంది. ఈ పొద్దున బాబాయి స్వయంగా విజయవాడ వచ్చి, కెమెరా మెమరీ కార్డు నా బల్ల మీద పెట్టి, మజ్జిగ తాగి వెళ్ళిపోయాడు. వెబ్‌సైటు ఊసే ఎత్తలేదు. ఇంతకంటే గట్టిగా అడగడం ఎవరికీ చేతకాదు.

కార్డులో 412 ఫోటోలున్నాయి. అన్నీ నూలు చీరలే. నిజాం అంచువి, పెద్ద జరీ అంచువి, సన్న గళ్ళవి, మధ్యమధ్య గడి వదిలేసి నేసే మిస్సింగ్ చెక్స్. దుకాణం వెనక వరండాలో దండెం మీద వేలాడదీసి, ఎండ నేరుగా పడని వేళ చూసి తీశాడు. ఆయనకు ఫోటోలు తీయడం పెద్దగా రాదు గాని రంగు తెలుసు. ట్యూబ్‌లైటు కింద చీర చూపించి అమ్మడం ఆయనకు నచ్చదు. కొనేవాళ్ళు అడగకపోయినా గుమ్మం బయటికి తెచ్చి పరుస్తాడు.

కెమెరా 24 మెగాపిక్సెళ్ళది. ఒక్కో ఫోటో 4000 పిక్సెళ్ళ వెడల్పు, 6000 పొడవు, సగటున 9.5 ఎంబీ. అన్నీ కలిపి 3.9 జీబీ. ఎంత బరువో తెలుసుకుందామని ఒక పరీక్ష పేజీలో 24 ఫోటోలను ఉన్నవి ఉన్నట్టు పెట్టాను. పేజీ 228 ఎంబీ అయింది. 20 ఎంబీపీఎస్ లైను మీద అది పూర్తిగా దిగడానికి నిమిషంన్నర పడుతుంది. తెనాలి బస్సులో కూర్చుని ఫోన్‌లో చీరలు చూసే ఆవిడ నిమిషంన్నర ఎందుకు ఆగుతుంది?

సాయంత్రం ఇమేజ్‌మ్యాజిక్ అనే ఫోటోలు మార్చే ప్రోగ్రాముతో పని మొదలుపెట్టాను. మొదటి ఆదేశమే తప్పు ఇచ్చాను. అందులో మోగ్రిఫై అనే ఆదేశం ఫోల్డరులోని ఫోటోలన్నిటినీ వరసగా మారుస్తుంది. వేరే ఫోల్డరు పేరు చెప్పకపోతే, మార్చినదాన్ని అసలు ఫైలు మీదే రాసేస్తుంది. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసీ చెప్పడం మరిచాను. ఆపేసరికి 31 ఫోటోలు 800 పిక్సెళ్ళకు కుదించుకుపోయాయి. కార్డు ఇంకా ల్యాప్‌టాప్‌లోనే ఉంది కాబట్టి బతికిపోయాను. మళ్ళీ కాపీ చేసుకుని, "అసలు" అని పేరు పెట్టిన ఫోల్డరుకు రాసే అనుమతి తీసేశాను. ఇక పొరపాటున అందులో మార్పు జరగదు. కార్డు కూడా బాబాయికి తిరిగి ఇవ్వను, పని పూర్తయ్యేదాకా నా బీరువాలోనే ఉంటుంది.

జూన్ 8, ఆదివారం

మృగశిర కార్తె. పక్కింటి నుంచి చేపల పులుసు వాసన వస్తుంటే నేను ఫోటోల మెడలు తిప్పుతూ కూర్చున్నాను.

నిన్న రాత్రి కుదించిన వాటిలో సగం చీరలు పక్కకు పడుకున్నాయి. కెమెరాను నిలువుగా పట్టుకుని తీసినా, ఫోటో లోపల అడ్డంగానే భద్రమవుతుంది. "చూపించేటప్పుడు ఇటు తిప్పు" అని ఒక చీటీ మాత్రం ఫైలుకు అంటించి ఉంటుంది. బరువు తగ్గుతుందని నేను ఫైలులోని అదనపు సమాచారమంతా ఊడబెరికాను, దానితో పాటు ఆ చీటీ కూడా పోయింది. ముందు ఆ చీటీ ప్రకారం పిక్సెళ్ళనే తిప్పేసి, తరవాత సమాచారం తీసేయాలి. వరస మార్చగానే చీరలు నిలబడ్డాయి. ఆ అదనపు సమాచారం తీసేయడం ఎలాగూ అవసరమే. కొన్ని ఫోటోలు పిన్ని తన ఫోనుతో నేత పని చేసే వాళ్ళ ఇళ్ళ దగ్గర తీసి ఇచ్చింది. వాటిలో ఆ ఇంటి అక్షాంశ రేఖాంశాలు కూడా ఉన్నాయి. ఎవరింటి ఆచూకీ ఎవరికి కావాలి?

రెండో సమస్య దీనికంటే మొండిది. రాణి రంగు చీర వెలిసిపోయింది. చిలకపచ్చ చీర వారం రోజులు ఎండలో ఆరేసినట్టు తయారైంది. అసలు ఫోటో తెరిస్తే రంగు నిండుగా ఉంది, చిన్నదాంట్లోనే లేదు. గంటసేపు కుదింపునే అనుమానించాను. దాని తప్పేమీ లేదు. బాబాయి కెమెరాలో రంగుల అమరిక ఎప్పటి నుంచో అడోబ్ ఆర్‌జీబీ మీద ఉంది. కెమెరా అమ్మినవాడు అలా పెట్టి ఇచ్చాడట.

ఇది పూలమ్మే ఆవిడ మూర లాంటి వ్యవహారం. అందరూ మూర అనే అంటారు, ఎవరి చెయ్యి పొడుగును బట్టి వారి మూర. అడోబ్ ఆర్‌జీబీలో ఆకుపచ్చ 200 అంటే ఒక రంగు, బ్రౌజర్లు మామూలుగా అనుకునే ఎస్‌ఆర్‌జీబీలో ఆకుపచ్చ 200 అంటే అంతకంటే పలచని రంగు. ఎవరి మూరతో కొలిచామో చెప్పే ప్రొఫైలు ఫైలులోనే ఉంటుంది. సమాచారం ఊడబెరికినప్పుడు అదీ పోయింది. అంకెలు అవే మిగిలాయి, వాటి అర్థం మారిపోయింది. కాబట్టి ఇక నుంచి క్రమం ఇది: తిప్పడం, రంగును ఎస్‌ఆర్‌జీబీలోకి మార్చడం, కుదించడం, చివరగా సమాచారం తీసేయడం.

రాణి రంగు తిరిగి వచ్చాక ఫోటో బాబాయికి పంపాను. ఆయన జవాబు ఒక్కటే: "ఇప్పుడు మన చీర."

జూన్ 11, బుధవారం

ఆఫీసు నుంచి వచ్చేసరికి తొమ్మిది. ఫైళ్ళకు పేర్లు పెట్టడం తప్ప ఏమీ చేయలేదు. ప్రతి చీరకూ దుకాణం పద్దు పుస్తకంలోని నంబరే పేరు. ఇక్కడ సొంత తెలివి చూపిస్తే రేపు పద్దుకూ సైటుకూ పొంతన ఉండదు.

జూన్ 14, శనివారం

గళ్ళ చీరల దగ్గరికి వచ్చాను. అసలు కథ ఇక్కడే ఉందని అప్పటికి నాకు తెలియదు.

వేగంగా అవుతుందని ఈసారి ఇమేజ్‌మ్యాజిక్ వదిలేసి పైథాన్‌లో ఓపెన్‌సీవీ అనే బొమ్మల కోడ్ లైబ్రరీతో చిన్న స్క్రిప్టు రాశాను. 412 ఫోటోలూ రెండు నిమిషాల్లో అయిపోయాయి. నాకు నేనే భుజం తట్టుకుని, ఫోన్ తీసుకుని మంగళగిరి వెళ్ళాను. బాబాయి కళ్ళజోడు సవరించుకుని చూశాడు. నాలుగో చీర దగ్గర ఆగాడు.

"ఏమిటిరా ఇది? చీర మీద నీళ్ళు కదులుతున్నట్టు అలలు ఏమిటి?"

నిజమే. నల్ల, తెలుపు సన్న గళ్ళ చీర మీద ఏటవాలుగా పెద్ద పెద్ద చారలు, కొంగు దగ్గర వంకర తిరిగిన వలయాలు కనిపిస్తున్నాయి. చీరలో అలాంటివి ఏమీ లేవు. చీర తెచ్చి పక్కన పరిచి చూపించాడు కూడా.

"మగ్గం తప్పు అనుకుంటారురా. పేక సరిగ్గా పడలేదు, చీర కట్లు కట్టుకుపోయింది అనుకుంటారు. నేసినవాడికి మాట వస్తుంది."

ఫోటో బాగా రాలేదని అనేవాళ్ళుంటారని అనుకున్నాను గాని, నా స్క్రిప్టు నేతగాడి పనికి పేరు చెడగొడుతుందని నాకు తట్టలేదు.

దోమతెర రెండు మడతలు పడినచోట ఇలాంటి అలలే కనిపిస్తాయి. రెండు సన్నని అల్లికలు ఒకదాని మీద ఒకటి పడి, దాదాపు సమానంగా ఉండి కొంచెం తేడా ఉంటే, ఆ తేడా పెద్ద చారలుగా కంటికి కడుతుంది. ఇక్కడ ఒక అల్లిక చీర గళ్ళు, రెండోది తెర మీది పిక్సెళ్ళ గళ్ళు. దీనికి మువారే అని పేరు. ఆ మాట ఫ్రెంచి బట్టల వ్యాపారం నుంచే వచ్చింది, నీటి అలల్లా మెరిసేలా తయారు చేసే పట్టుబట్టను అలా పిలిచేవాళ్ళు. బట్టలో కావాలని తెచ్చుకునే ఆ మెరుపు పేరే ఫోటోలో దోషానికి స్థిరపడింది. బాబాయికి ఈ ముక్క చెబితే నవ్వాడు గాని, "సరే, తీసెయ్" అన్నాడు.

తప్పు నాదే. ఓపెన్‌సీవీ కుదించేటప్పుడు మనం వేరే పద్ధతి చెప్పకపోతే, కొత్త పిక్సెల్ ఒక్కోదానికి పాత ఫోటోలో నాలుగు పిక్సెళ్ళను మాత్రమే చూస్తుంది. 4000 వెడల్పును 800 చేస్తున్నప్పుడు ఒక్కో కొత్త పిక్సెల్ కింద 25 పాత పిక్సెళ్ళు ఉంటాయి. 25లో నాలుగింటిని చూసి మిగతా 21 వదిలేస్తే, నల్ల గడి మీద పడ్డచోట నలుపు, తెల్ల గడి మీద పడ్డచోట తెలుపు వస్తుంది. వేగం అక్కడి నుంచి వచ్చింది. అన్నిటినీ కలుపుకుని సగటు తీసే పద్ధతి అందులోనే ఉంది, ఒక్క మాట మార్చాలి. మార్చాను. అలలు దాదాపు పోయాయి.

గళ్ళూ పోయాయి. చీర బూడిద రంగు సాదా చీర అయి కూర్చుంది.

జూన్ 15, ఆదివారం

రాత్రి మంగళగిరిలోనే ఉండిపోయాను. పొద్దున పెసరట్టు తినగానే బాబాయి టేపు తీసుకుని చీర కొలవడం మొదలుపెట్టాను. పిన్ని వింతగా చూసింది.

దండెం మీద పరిచిన చీర ఫోటోలో అడ్డంగా 120 సెంటీమీటర్లు వచ్చింది. 4000 పిక్సెళ్ళలో 120 సెంటీమీటర్లంటే సెంటీమీటరుకు 33 పిక్సెళ్ళు. ఈ చీరలో ఒక నల్ల గీత, ఒక తెల్ల గీత కలిపి రెండు మిల్లీమీటర్లు. అంటే అసలు ఫోటోలో ఒక జతకు ఆరున్నర పిక్సెళ్ళకు పైనే దక్కాయి, గడి కళకళలాడుతూ కనిపిస్తుంది. 800 వెడల్పుకు కుదిస్తే అదే జతకు మిగిలేది 1.3 పిక్సెల్. నల్లగీతకు ఒకటి, తెల్లగీతకు ఒకటి, కనీసం రెండు పిక్సెళ్ళు లేనిదే ఏ పద్ధతీ ఆ గడిని నిలబెట్టలేదు. నైక్విస్ట్ పేరుతో చదువుకున్న పాఠం ఇదే. ఇంజినీరింగ్‌లో మార్కుల కోసం బట్టీ పట్టాను, ఇవాళ టేపుతో అర్థమైంది.

కాబట్టి నిన్న బూడిద రంగు వచ్చిందంటే సగటు పద్ధతి అబద్ధం చెప్పలేదు. ఆ చీరను వీధి అవతల నుంచి చూస్తే కూడా బూడిద రంగే కనిపిస్తుంది. బాబాయిని అవతల అరుగు మీద నిలబెట్టి, పిన్ని చేత చీర పట్టించి అడిగాను.

"గళ్ళు కనబడుతున్నాయా?"

"లేదు. కానీ నీ ఫోన్‌లో ఉన్నంత నల్లగానూ లేదు."

ఆ రెండో మాట నేను ఎదురుచూడనిది. ఫోన్ పక్కన పెట్టి చూస్తే నిజంగానే చీర దూరం నుంచి తేలిక బూడిద, నా ఫోటో ముదురు బూడిద. మధ్యాహ్నం ల్యాప్‌టాప్‌లో ఒక నల్ల పిక్సెల్, ఒక తెల్ల పిక్సెల్ చొప్పున చదరంగం బల్లలా బొమ్మ తయారు చేసి సగానికి కుదించాను. 128 వచ్చింది. సున్నా అంటే నలుపు, 255 అంటే తెలుపు, ఆ రెంటికీ మధ్య అంకె అదే కదా, సబబుగానే ఉందనిపిస్తుంది. కానీ కుదించని బొమ్మను తెర మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూస్తే, పక్కన పెట్టిన 128 బూడిద రంగు ముక్క బాగా ముదురుగా ఉంది. 188 ముక్క పెడితే రెండూ కలిసిపోయాయి.

ఫైలులో ఉండే అంకె వెలుతురుకు నేరుగా కొలత కాదు. మన కన్ను చీకటి ఛాయల్లో తేడాలు ఎక్కువగా పడుతుంది కాబట్టి, ఆ అంకెలు చీకటి వైపు ఎక్కువ చోటు కేటాయిస్తాయి. సగం వెలుతురు అంటే 188 దగ్గర ఉంటుంది. వెలుతురును కలపాల్సిన చోట ఆ అంకెలను కలిపితే ఫోటో నల్లబడుతుంది. ముందు అంకెలను వెలుతురులోకి మార్చి, కుదించి, మళ్ళీ అంకెల్లోకి తేవాలి. ఇమేజ్‌మ్యాజిక్‌లో దీనికి రెండు ముక్కలు చేరిస్తే చాలు. సాదా చీరల్లో ఈ తేడా కనిపించనే కనిపించదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. గళ్ళ చీరలో మాత్రం చీర రంగే మారిపోతుంది. తిరిగి వచ్చే చీరల్లో ఎక్కువ భాగం రంగు తేడా పేరుతోనే వస్తాయని బాబాయి ఎప్పుడూ అంటాడు.

ఇక గళ్ళ సంగతి. చీర మొత్తం కనిపించే ఫోటోలో గళ్ళు చూపించాలనే ఆశ వదిలేశాను. అక్కడ రంగు సరిగ్గా ఉంటే చాలు. గడి కోసం ప్రతి చీరకూ దగ్గరి ముక్క ఒకటి కావాలి. జతకు నాలుగు పిక్సెళ్ళు ఉంటే గడి హాయిగా కనిపిస్తుంది, ఆ లెక్కన 800 పిక్సెళ్ళలో 40 సెంటీమీటర్ల బట్ట చూపించవచ్చు. అంటే అసలు ఫోటోలో మూడో వంతు వెడల్పు కత్తిరించి, దాన్ని కొద్దిగా మాత్రమే కుదించాలి. అంచు ఒక పక్క, ఒళ్ళు ఒక పక్క పడేలా చూసుకుని కత్తిరించాలి. 412 ముక్కలు చేత్తోనే. సాయంత్రానికి 90 అయ్యాయి. బస్సులో చెయ్యి నొప్పి.

జూన్ 18, బుధవారం

పిన్ని కొత్త సరుకు ఫోటోలు 40 ఫోన్‌లో మెసేజీగా పంపింది. అన్నీ 900 వెడల్పు, 1600 పొడవు. దారిలో యాప్ వాటిని కుదించి, నొక్కి పంపింది. పెద్దవి చేసి చూస్తే అంచు చుట్టూ దోమలు మూగినట్టు చుక్కలు, సాదా చోట ఎనిమిది పిక్సెళ్ళ చతురస్రాలు. ఫోటోలు మామూలుగా భద్రమయ్యే జేపెగ్ ఫార్మాటు బొమ్మను ఎనిమిదికి ఎనిమిది గడులుగా కోసి ఒక్కోదాన్ని విడిగా క్లుప్తం చేస్తుంది, బాగా నొక్కితే ఆ కోతలు బయటపడతాయి. గళ్ళ చీర మీద జేపెగ్ గళ్ళు!

ఆఫీసులో ఒక మిత్రుడు కృత్రిమ మేధతో ఫోటోలు పెద్దవి చేసే పరికరం చూపించాడు. ఒక్క నొక్కుతో 900 కాస్తా 3600 అయింది. మొదటి చూపుకు అద్భుతంగా ఉంది, దారం దారం కనిపిస్తోంది. తరవాత నిజాం అంచు దగ్గర చూశాను. బాబాయి చీరలో అంచు మొనలు సూదిగా, ఒకే కొలతలో ఉంటాయి. ఇందులో ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకచోట రెండు కలిసిపోయి ఆకులా అయింది. గళ్ళలో ఒకచోట అడ్డగీత మధ్యలోనే ఆగిపోయింది. చీర ఎలా ఉండి ఉంటుందో ఊహించి కొత్త చీర నేసి పెట్టింది. చూడముచ్చటగా ఉంది, కానీ ఆ చీర దుకాణంలో లేదు. లేని చీరను అమ్మకానికి పెట్టలేను.

పిన్నికి ఫోన్ చేసి ఆ 40 చీరలు మళ్ళీ తీయమన్నాను. "మళ్ళీనా!" అంది. ఈసారి యాప్‌లో ఫోటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపమని చెప్పి, ఎలాగో మూడు సార్లు వివరించాను. ఆ దారిలో పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టే వస్తుంది.

జూన్ 21, శనివారం

అంచుల రోజు.

సీసా పచ్చ ఒళ్ళు, మిరపపండు ఎరుపు అంచు ఉన్న చీర ఒకటి పెట్టాను. ఎరుపు ఆకుపచ్చలోకి పాకింది, సరిహద్దు మీద మట్టి రంగు గీత తేలింది. రంగు గట్టిపడని చీరను ఉతికితే ఎలా ఉంటుందో అచ్చం అలా. బాబాయికి చూపించకముందే సరిచేయాలి, ఈసారి అద్దకం వాళ్ళకు మాట వస్తుంది.

కన్ను వెలుగునీడల్లో చిన్న తేడా కూడా పట్టేస్తుంది, రంగులో అంత సన్నని తేడా పట్టలేదు. 1992లో ప్రమాణంగా వచ్చిన జేపెగ్ దీన్ని వాడుకుంటుంది. వెలుగును పూర్తి కొలతలో ఉంచి, రంగును అడ్డంగా సగం, నిలువుగా సగం చేసి దాచే వీలు అందులో ఉంది. నాలుగు పిక్సెళ్ళకు ఒకే రంగు అన్నమాట. మనిషి ముఖానికీ కొండకూ ఇది చాలు. ఎరుపు పక్కన పచ్చ కత్తితో గీసినట్టు మారే అంచుకు చాలదు. నాణ్యత అంకె 90కి తక్కువ పెడితే ఇమేజ్‌మ్యాజిక్ దానంతటదే ఇలా రంగును సగం చేస్తుంది. నేను 82 పెట్టాను. 82 ఉంచుతూనే రంగును కుదించవద్దని విడిగా చెప్పాను. 800 వెడల్పు ఫోటో 168 కేబీ నుంచి 205 అయింది, అంచు కత్తిరించినట్టు వచ్చింది. 37 కేబీకి ఇంతకంటే మంచి బేరం ఈ పని మొత్తంలో దొరకలేదు.

ఈ నాణ్యత అంకె గురించి ఒక మాట. అది శాతం కాదు. ఒక ప్రోగ్రాములో 82 ఇంకో దాంట్లో 82తో సమానం కానక్కరలేదు, రెండు ఫార్మాట్ల మధ్య అయితే పోలికే లేదు. నేను ఎరుపు అంచు చీర, సన్న గళ్ళ చీర, పెద్ద జరీ చీర అనే మూడింటిని తీసుకుని, 95 నుంచి కిందికి దిగుతూ, తేడా కంటికి ఎక్కడ తగిలిందో దానికి రెండు మెట్లు పైన ఆగాను.

గూగుల్ 2010లో తెచ్చిన వెబ్‌పీ అనే ఫోటో ఫార్మాటు ప్రయత్నించాను. 118 కేబీకే వచ్చింది. కానీ నాణ్యత వదులుకుని కుదించే వెబ్‌పీలో రంగు ఎప్పుడూ సగమే, పూర్తిగా ఉంచే దారి లేదు. పదునుగా మార్చే ఒక వీలు ఉంది, దానితో కొంత మెరుగైంది గాని ఎరుపు అంచు ఇంకా నీరసంగానే ఉంది. 2019లో ఖరారైన ఏవీఐఎఫ్ అనే ఫార్మాటులో రంగును పూర్తిగా ఉంచవచ్చు, 96 కేబీకి అంచు శుభ్రంగా వచ్చింది. తయారవడానికే చచ్చేంత సేపు. 412 చీరలు, ఒక్కోదానికి నాలుగు కొలతలు, నా పాత ల్యాప్‌టాప్ మీద రాత్రంతా పట్టేలా ఉంది. పట్టనీ. ఏవీఐఎఫ్ తెలిసిన బ్రౌజరుకు అది, తెలియని పాత ఫోనుకు జేపెగ్. వెబ్‌పీకి దండం పెట్టేశాను.

జరీ మాత్రం ఇంకో పేచీ పెట్టింది. ముదురు ఒంటి పక్కన మెరిసే జరీ ఉన్నచోట, సరిహద్దు వెంబడి నేతగాడు వేయని దారం ఒకటి సన్నగా కనిపిస్తోంది. కుదించడానికి ఇమేజ్‌మ్యాజిక్ తనంతట తాను లాన్‌జోష్ అనే జల్లెడ (ఫిల్టరు) వాడుతుంది. పదునుకు పేరున్నది, కానీ గట్టి సరిహద్దు తగిలితే దాని పక్కన ఇలా నీడ గీత వదులుతుంది. జరీ చీరలకు మిచెల్ జల్లెడ పెట్టాను. డాన్ మిచెల్, అరుణ్ నేత్రావళి 1988లో ప్రతిపాదించినది అది. నేత్రావళి మన ముంబయిలో చదువుకుని బెల్ ల్యాబ్స్ అధిపతి దాకా వెళ్ళినవాడు. దొంగ దారం మాయమైంది, ఫోటో కొంచెం మెత్తబడింది. మెత్తబడటం నాకు సమ్మతమే.

జూన్ 22, ఆదివారం

ఆ మెత్తదనానికి కొంచెం పదును పెడదామనుకున్నాను. కుదించిన తరవాత స్వల్పంగా పదును పెట్టడం మామూలే. కుదించడానికి ముందు పెడితే మళ్ళీ గళ్ళు అలలు తిరుగుతాయి, కాబట్టి చివరలోనే. నాకు చేయి కాస్త ధారాళం. దారాలు లేచి నిలబడ్డాయి, బాగుందనిపించి పిన్నికి పంపాను.

"ఎవరైనా ఇది మంగళగిరి నూలు అంటారా? సిమెంటు సంచిలా ఉంది. చేత్తో ముట్టుకుంటే గీరుకుంటుందేమో అనిపిస్తోంది."

ఆవిడ చెప్పింది తెర మీద ఉన్నమాటే. సన్న నూలు చీరలో దారాల మధ్య తేడా లీలగా ఉంటుంది. ఆ లీలను పెంచితే కన్ను దాన్ని ముతక బట్టగా చదువుతుంది. పదును మూడో వంతుకు తగ్గించి, పెట్టిన ఫోటో, పెట్టని ఫోటో పక్కపక్కన పంపి ఏది ఏదో చెప్పకుండా అడిగాను. "రెండూ ఒకటే కదా" అంది. అక్కడ ఆపేశాను.

జూన్ 28, శనివారం

వారం మధ్యలో ఏవీఐఎఫ్ ఫైళ్ళు తయారయ్యాయి. 400, 800, 1200, 1600 అనే నాలుగు వెడల్పులు. 400 ఎవరికి అని, 1600 ఎవరికి అని బాబాయి అడిగాడు. ఫోన్ తెర మీద పేజీ 360 వెడల్పు అని చెప్పుకున్నా, మంచి ఫోన్లలో ఒక్కో దానికి అడ్డంగా మూడేసి అసలు పిక్సెళ్ళుంటాయి. తెర నిండా ఒకే చీర చూపిస్తే 1080 పిక్సెళ్ళు కావాలి, 1200 వెళుతుంది. వరసకు రెండు చీరలు చూపిస్తే 540 చాలు, 800 వెళుతుంది.

వెళ్ళాలి. మొదట వెళ్ళలేదు. వరసకు రెండేసి చీరలున్న పేజీలో కూడా బ్రౌజరు 1200వి దించుతోంది. ఫోటో తెరలో ఎంత భాగం ఆక్రమిస్తుందో నేను చెప్పలేదు. చెప్పకపోతే బ్రౌజరు తెర మొత్తం అనుకుంటుంది. నాలుగు కొలతలు రాత్రంతా వండి, వడ్డించేటప్పుడు అందరికీ పెద్ద గిన్నెతో పోశాను. "తెరలో సగం" అని ఒక్క మాట చేర్చాక దారికి వచ్చింది. ప్రతి ఫోటోకూ వెడల్పు, ఎత్తు ముందే చెప్పి ఉంచాను, దిగుతున్నకొద్దీ పేజీ గెంతకుండా. పై వరస తప్ప మిగతావి కిందికి జరిపినప్పుడే దిగుతాయి.

అదే 24 చీరల పేజీ ఇప్పుడు 1.9 ఎంబీ. మొదటి రోజు 228.

దుకాణంలో, గుమ్మం బయట, పగటి వెలుతురులో బాబాయి తన పాత ఫోన్ పట్టుకుని చూశాడు. ఒక్కో చీర పేరు చెప్పి తెప్పించి ఫోన్ పక్కన పెడుతున్నాడు. రాణి రంగు సరిపోయింది. నెమలికంఠం దగ్గర కొంచెం తటపటాయించాడు. అది పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేసి నేసినది, కదిపితే మారుతుంది, నిలిచిన ఫోటోలో ఏదో ఒకటే దొరుకుతుంది. దానికి రెండు కోణాల్లో రెండు ఫోటోలు పెట్టాలని అనుకున్నాం. నల్ల, తెలుపు గళ్ళ చీర వచ్చింది. పూర్తి ఫోటో చూశాడు, తేలిక బూడిద రంగు. వేలితో దగ్గరి ముక్క తెరిచాడు. గళ్ళు లెక్కపెట్టగలిగేలా ఉన్నాయి. లెక్కపెట్టాడు కూడా, ఒక అంగుళం మేర. చీర మీద కూడా లెక్కపెట్టి తల ఊపాడు.

ఆ తరవాత దంతం రంగు చీర వచ్చింది. దంతం రంగు మీదే దంతం రంగు గళ్ళు, దారం మందం తేడాతో మాత్రమే తెలిసేవి. ఫోన్‌లో సాదా పంచెలా ఉంది. దగ్గరి ముక్క తెరిచినా అంతే.

"ఇందులో గళ్ళు ఏవిరా?"

ఏవీఐఎఫ్ తినేసింది. తేడా లీలగా ఉన్న అల్లికలను అది అనవసరమని నున్నగా చేసేస్తుంది, బరువు తగ్గేది కొంత అలాగే. అసలు ఫోటోలోనూ గళ్ళు మసకగానే ఉన్నాయి, నీడ వెలుతురులో ఎదురుగా తీసినది మరి. ఇలాంటివి 11 ఉన్నాయి. వాటికి ఏవీఐఎఫ్ తీసేసి జేపెగ్ 90తో పెడతాను, కానీ అంతకుముందు ఫోటోలే మళ్ళీ తీయాలి. పొద్దున్నే ఏడింటికి ఎండ వరండాలోకి పక్క నుంచి పడుతుందట. అప్పుడు దారం నీడ దారం పక్కనే పడుతుంది.

రేపు ఆరున్నరకు దండెం కడతానన్నాడు. ఈ రాత్రి కూడా ఇక్కడే పడక.